తగలబెట్టమన్న దిష్టిబొమ్మ

ఒకే ఒక్క వాక్యం రాసి ఓ మంచివాణ్ణి బోనెక్కించిన ఘనుణ్ణి నేను. ఆ తర్వాత నా కిటికీ ముందు నిలబడిందేమిటో చెబుతాను. నవ్వుకోండి, కానీ ముందు మీ కిటికీ మూసుకోండి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో బెంజ్ సర్కిల్ వెనక సందులో అద్దెకుండేవాణ్ణి. ఎదురుగా అపార్ట్‌మెంట్ లేస్తోంది. దాని రెండో అంతస్తుకు దిష్టిబొమ్మ కట్టారు. గడ్డి ఒళ్లు, కుండ తల, సున్నం కళ్లు. ఆకు కదలని మధ్యాహ్నం కూడా మెల్లగా ఊగుతూ నా మంచానికేసే చూసేది. మంచం రెండో గోడకు జరిపాను. మర్నాటికి అదీ అటే తిరిగింది.

"తాడు మెలి పడుంటుంది లెండి," అంది మా ఆవిడ.

నా మంచం ఎక్కడుందో తాడుకెలా తెలిసిందో మాత్రం చెప్పలేదు.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. వేళ్ల సంగతి ఎవరూ చెప్పలేదు. నెట్ సెంటర్‌లో కూర్చుని, తెలుగువాళ్ల చర్చా వేదికలో మారుపేరుతో, సందు గుర్తులతో సహా రాసిపారేశాను: 'ఈ బొమ్మను తగలబెట్టి, పారిపోకుండా నిలబడేవాడే మగాడు.'

ఐదు నిమిషాల్లో 'మీ నీడ' అనే పేరుతో జవాబొచ్చింది. 'అలాగేనండి.'

బూతులు తిట్టినా అంత భయపడేవాణ్ణి కాదు. ఆ 'అండి'కి హడలిపోయాను. వెనక్కి తిరిగి చూశాను. కుర్చీలన్నీ ఖాళీ. వద్దని రాయొచ్చుగా అంటారా? మగతనం గురించి అంత రాశాక వద్దంటే నా పరువేం కాను?

తెల్లారేసరికి గదంతా ఎర్రటి వెలుగు. బొమ్మ చేతులు చాచి మండుతోంది. ఒళ్లంతా కాలుతున్నా ఆ కళ్లు నన్నే చూస్తున్నాయి. కింద అగ్గిపెట్టెతో బిగుసుకుని నిలబడ్డాడు సాంబశివరావు, మా ఆఫీసు గుమాస్తా. చీమ ఎదురొస్తే పక్కకి తప్పుకునే మనిషి. ఆయనకి కంప్యూటర్ నేర్పింది, నా మారుపేరుతో సహా ఆ వేదిక చూపించింది నేనే.

"ఏంటండీ ఈ పని?" అన్నాను కిటికీలోంచి.

"మీరే కదండీ రాసింది. నిలబడమన్నారు కదాని నిలబడ్డానండి."

పోలీసులొచ్చేదాకా అలాగే నిలబడ్డాడు. బొమ్మతోపాటు అపార్ట్‌మెంట్‌కు కట్టిన పరదాలు, వెదురు కర్రలు కాలాయి. జైలు పడితే ఆయన ఉద్యోగం ఊడుతుంది. నేను మాత్రం జ్వరమని రెండ్రోజులు ముసుగు తన్నాను. చివరికి సిగ్గేసి, కేసు రోజున కోర్టులో లేచి నిలబడ్డాను.

"రాసింది మీరా?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

"నేనేనండి. కానీ రాసే స్వేచ్ఛ..."

"ఆయనకి చదివే స్వేచ్ఛ ఉంది. పాపం, చదివాడు."

తప్పొప్పుకున్న సాంబశివరావుకి జుల్మానా, కోర్టు లేచేదాకా అక్కడే కూర్చునే శిక్ష పడ్డాయి. నామీద కేసే లేదు.

"మిమ్మల్ని ఏ సెక్షన్ కింద కూర్చోబెట్టాలో తెలీదు. మీకే తోస్తే కూర్చోండి," అన్నారాయన.

కూర్చున్నాను. సాయంత్రం కోర్టు లేవగానే సాంబశివరావు, "టీ తాగుదాం పదండి," అన్నాడు. తిట్టుంటే బాగుండేది.

మర్నాడు ఎదుటి అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ వచ్చాడు. "కొత్త బొమ్మ కట్టాలండి. పాతది మీవల్లే పోయింది కదండి. ఓ చొక్కా, ప్యాంటూ ఇప్పించండి."

మా ఆవిడ క్షణం ఆలోచించకుండా నా గళ్ల చొక్కా తెచ్చిచ్చింది.

పొద్దున్నే కిటికీ తీశాను. రెండో అంతస్తులో, గాలి లేకుండా ఊగుతూ, నన్ను నేనే చూస్తున్నాను. కుండకు కళ్లజోడు కూడా గీశారు. సాంబశివరావు శిక్ష ఒక్క పూటలో తీరింది. నాది అపార్ట్‌మెంట్ పూర్తయ్యేదాకా సాగింది.

కనుక ఆ గళ్ల చొక్కా సాక్షిగా ఒట్టేస్తున్నాను. ఈ జన్మలో దేన్నీ తగలబెట్టమని రాయను, ముఖ్యంగా అక్కడ వేలాడేది నేనే అయినప్పుడు.