సర్కారు తరఫున మా అన్న

మొన్న మా మనవరాలు ఫోనులో హైకోర్టు విచారణ చూస్తుంటే నేనూ పక్కన కూర్చున్నాను. ఏదో చట్టం రాజ్యాంగానికి విరుద్ధమని ఎవరో వేసిన కేసు. ప్రభుత్వం తరఫున నల్లకోటు ఆయన ఒకరు లేచి, ఆ చట్టం ఎందుకు ఉండాలో నిదానంగా చెప్పడం మొదలుపెట్టగానే, ఎప్పుడో చల్లారిందనుకున్న నా కడుపుమంట మళ్ళీ రాజుకుంది.

మాది కంబదూరు దగ్గర వానను నమ్ముకున్న ఊరు. సర్కారు మా నాయనకు పట్టా ఇచ్చిన చేనును, నా చిన్నతనంలో ఒక కరువు సంవత్సరం, ఒక వ్యాపారి కొనేసుకున్నాడు. తరువాత, పేదలకిచ్చిన భూమిని ఎవరు కొన్నా చెల్లదని చట్టం వచ్చి, చేను మాకు తిరిగివ్వాలని అధికారులు ఉత్తర్వు వేశారు. వ్యాపారి ఊరుకుంటాడా? తనలాంటివాళ్ళను కూడగట్టుకుని, అసలు ఆ చట్టమే చెల్లదని హైకోర్టుకెక్కాడు. చట్టం నిలిస్తే చేను మాది, పడిపోతే అతనిది. దాన్ని నిలబెట్టవలసిన ప్రభుత్వ న్యాయవాది మా వీధిలోనే పుట్టి పెరిగిన, నాకు అన్న వరసయ్యే మనిషి.

పదో తరగతితో బడి మానేసిన నాకు శాఖా గ్రంథాలయమే కాలేజీ. నూనె మిల్లులో పని దిగగానే అక్కడి బెంచీ మీద చేరి, నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషులోనే రాజ్యాంగం చదివేవాణ్ణి. సమానత్వపు అధికరణాలు, ఆదేశిక సూత్రాలు నోటికి వచ్చేవి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ గ్రంథాలయం గడప తొక్కని మనిషి మా కేసులో సర్కారు గొంతు కావడం నాకు మింగుడుపడలేదు.

వాదనల రోజున నాయనతో హైదరాబాదు వెళ్ళాను. తన భూమిని అమ్ముకునే స్వేచ్ఛ పేదవాడికి మాత్రం ఎందుకు ఉండకూడదని న్యాయమూర్తి సూటిగా అడిగారు. నా నాలుక మీద అధికరణాలు బారులు తీరాయి. అన్న మాత్రం వాటి జోలికి పోకుండా, మా సీమలో కరువేళ చేను అమ్మేవాడు బేరమాడడని, పిల్లల గంజి కోసం ఎదుటివాడు చెప్పిన ధరకే వేలిముద్ర వేస్తాడని, దాన్ని స్వేచ్ఛ అనలేం కనుకనే ఈ చట్టం వచ్చిందని చెప్పాడు.

అంతా ఇంగ్లీషు కావడంతో, వరండాలో నాయనకు దాన్ని తెలుగులో విప్పి చెప్పే ఖర్మ నాకే పట్టింది. వింటూ వింటూ నాయన నవ్వాడు.

“అది నేను చెప్పిందే గదప్పా! మీ అన్న అడిగినాడు, చెప్పినా. అన్ని బుక్కులు తిరగేస్తివే, ఇంట్లో ఉండే నన్ను ఒక్కతూరన్నా అడిగితివా?”

“నేను లా పాయింటు చూస్తాంటి నాయనా.”

“పాయింటు ఈడ ఉండాది,” అని పొట్ట తట్టుకున్నాడు.

చట్టం నిలిచింది, చేను వచ్చింది. నేను బెంచీ మీద కూర్చుని వెతికిన పుస్తకాలన్నీ ఇప్పుడు పడక మీదే ఫోనులో దొరుకుతాయి. నాయన లేడు, అన్నా లేడు. అన్న కోటు మీద, పేరు మీద ఉన్న ఏడుపు వయసుతో పాటు సన్నగిల్లింది. ఒకటి మాత్రం తగ్గలేదు. కేసుకు ముందు ఒక సాయంత్రం ఆయన మా వాకిట్లో కూర్చుని, ఆ కరువు సంగతంతా నాయన చేత చెప్పించుకున్నాడట. నేనప్పుడు గ్రంథాలయంలో ఉన్నాను; తరువాతైనా నాయనను అడగలేదు. ఆ కథను నాయన గొంతులో విన్నవాడు ఆయనొక్కడే.