బాపు హుక్కాకు కొబ్బరిచిప్పల బొగ్గు

మా బాపు భివండిలో మరమగ్గాల మీద బతికినవాడు. కార్ఖానాలో పక్క మగ్గంవాళ్ల దగ్గర హుక్కా తాగడం నేర్చుకున్నాడు. అమ్మ పోయాక, చూపు మందగించి పనికి పనికిరాకుండా అయ్యాక, ఆయన్ని నేనే నకిరేకల్‌కు తెచ్చుకున్నాను. వచ్చేటప్పుడు ఒక బట్టల సంచి, చద్దరులో చుట్టిన హుక్కా తెచ్చుకున్నాడు.

అప్పటికి నేను ప్రైవేటు బడిలో టీచర్ని. మా ఆయన లారీ డ్రైవరు, ఎక్కువగా తోవ మీదే ఉంటాడు. మేం కిరాయికి ఉండేది మేడమీద, ఇంటి ఓనరమ్మ కింద. మా వాడకట్టులో చుట్ట తాగే ముసలమ్మలున్నారు, బీడీలు తాగేవాళ్లకు లెక్కలేదు. వాళ్లనెవరూ ఏమీ అనరు. హుక్కా అంటే మాత్రం హైవే పక్కన పోరగాళ్లు చేరే జాగాలే గుర్తొస్తాయి అందరికీ. టీచరమ్మ ఇంట్లో హుక్కా ఉందని తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను? వాసన కిందికి పోకుండా వెనక గదిలో, కిటికీ వేసుకుని తాగమన్నాను. బాపు అలాగే తాగేవాడు.

ఒక వానాకాలపు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి ఆ గది తలుపు మూసే ఉంది. తోసి చూస్తే బాపు గోడకు ఒరిగి ఉన్నాడు. ఒళ్లో కక్కుకున్నాడు. పిలిస్తే కళ్లు తెరుస్తున్నాడు గాని నన్ను గుర్తుపట్టడం లేదు. గదిలో పొగ పెద్దగా లేదు. నాకు మాత్రం గడప దాటగానే తల దిమ్మెక్కింది. రెక్కలు పట్టి వరండాలోకి ఈడ్చుకొచ్చి, ఆటో పిలిచి దవాఖానకు తీసుకుపోయాను.

ఏం జరిగిందని డాక్టరు అడిగితే గొంతు తగ్గించి చెప్పాను. ఆయనకు వినబడక మళ్లీ అడిగాడు. చివరికి వార్డంతా వినేలా చెప్పాల్సి వచ్చింది. సూది వేస్తున్న నర్సు కొడుకు నా క్లాసులోనే చదువుతున్నాడు. ఆమె తలెత్తి ఒకసారి నావైపు చూసి, మళ్లీ తన పనిలో పడింది. ఆ చూపు చాలు, బడికి పోవాలంటే నాకు చాలా రోజులు కాళ్లాడలేదు.

బాపు ముఖానికి ఆక్సిజన్ పెట్టి డాక్టరు నన్ను పక్కకు పిలిచాడు.

"మాన్పిస్తే మంచిదమ్మా. మానేదాకా బయట గాలిల కూసోబెట్టు. బొగ్గు ఎంత మంచిదైనా విషపు గాలి విడుస్తది. దానికి వాసనుండదు, తెలువనే తెలువదు. మూసిన అర్రల మనిషి నిద్రల పోయినట్టే పోతడు."

కిటికీ వేయమన్నది నేనేనని ఆయనకు చెప్పలేదు.

ఇంటికొచ్చాక బాపు వాడే బొగ్గు తీసి చూశాను. నల్లటి గుండ్రని బిళ్లలు. అగ్గిపుల్ల చూపగానే చిటపటమని నిప్పురవ్వలు ఎగిసి, బాణాసంచా వాసన వచ్చింది. తొందరగా అంటుకోవడానికి వాటిలో ఏదో మందు కలుపుతారు. అవి దొరకనప్పుడు ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు అడిగి తెచ్చుకునేవాడట. మానేయమని బతిమాలాను. మూడుపూటలూ అన్నం మానమన్నట్టు చూశాడు. కనీసం మంచి బొగ్గయినా తేవాలనుకున్నాను.

నార్కట్‌పల్లి చౌరస్తాలో హుక్కా సామాను అమ్మే దుకాణం ఒకటి ఉండేది. తెలిసినవాళ్లు కనబడకూడదని కొంగు తలమీదికి లాక్కుని వెళ్లాను. ఎవరికి మేడం అని దుకాణదారు అడిగితే తమ్ముడికన్నాను. నాకు తమ్ముడే లేడు. పక్కన నిలబడ్డ ఇద్దరు కుర్రాళ్లు ముసిముసిగా నవ్వుకున్నారు. మందు కలపని బొగ్గు కావాలంటే, కొబ్బరిచిప్పలతో చేసిన చదరపు ముక్కల డబ్బా ఇచ్చాడు.

అవి అంత తేలిగ్గా అంటుకోవు. డాబా మీద పొయ్యి పెట్టి అటూ ఇటూ తిప్పుతూ కాల్చేదాన్ని. ఎక్కడా నలుపు మిగలకుండా, పైనంతా బూడిద పట్టాకే హుక్కా మీద పెట్టాలి. నలుపు ఉంటే గొంతు పట్టుకునే పొగ వస్తుంది. బాపుని డాబా మీదే కూర్చోబెట్టి, ఓనరమ్మ ఊరెళ్లిందో గుడికెళ్లిందో చూసుకుని ఇచ్చేదాన్ని.

తరువాత ప్రభుత్వం హుక్కా సెంటర్లన్నీ బంద్ చేయించింది. ఆ దుకాణమూ మూతబడింది. బాపు మళ్లీ ఇస్త్రీ బండివైపు చూడసాగాడు.

ఆ రోజుల్లోనే బడి టీచర్లందరం కలిసి యాదగిరిగుట్ట వెళ్లాం. దర్శనమయ్యాక గుట్ట కింద టిఫిన్ హోటల్ వెనక, చట్నీకి కొబ్బరి తీసి పారేసిన చిప్పల కుప్ప కనబడింది. వాళ్లంతా గాజులు చూస్తున్నప్పుడు, నేను చేతులకు బురద అంటుకుంటున్నా ఆగక, సంచి నిండా చిప్పలు ఏరాను. ఎందుకని అడిగితే పిల్లలతో బొమ్మలు చేయిస్తానన్నాను.

డాబా మీద వాటిని ఎండబెట్టి, పాత నూనె డబ్బాలో కాల్చి, బూడిద కాకుండా బొగ్గవడానికి మూతపెట్టి మట్టి కప్పాను. పొగ చూసి ఓనరమ్మ పైకొచ్చింది. బాపు నా పక్కనే కూర్చుని ఉన్నాడు.

"గుట్ట కాడ నువ్వు చిప్పలు ఏరుతుంటే మా చెల్లె చూసిందట టీచరమ్మా," అన్నది మెల్లగా. "ఇంట్ల గంత ఇబ్బందుంటే నాకు చెప్పరాదా? గ్యాస్ అయిపోయిందా?"

మనసులో బొమ్మలు, బడి పిల్లలు, ఇంకేవో అబద్ధాలు వరస కడుతున్నాయి.

బాపు అన్నాడు: "ఇబ్బందేం లేదమ్మా. నేను హుక్కా తాగుత. మంచి బొగ్గుండాలెనని నా బిడ్డ తెచ్చింది."

ఓనరమ్మ ఆ డబ్బా వైపు, నావైపు చూసింది. గింతేనా అని దిగిపోయింది. ఆమె చెప్పుల చప్పుడు ఆగేదాకా నేను తల ఎత్తలేదు.

"దేవుని కాడ చిప్పలేరినవా బిడ్డా," అన్నాడు బాపు. "నా పాడలవాటుకు?"

ఆ బొగ్గు ఆయన ముట్టలేదు. హుక్కా కడిగి, ఆరబెట్టి, మళ్లీ చద్దరులో చుట్టి అటక మీద పెట్టించాడు. ఆ తర్వాత చాలా రోజులు చిన్నదానికీ పెద్దదానికీ విసుక్కున్నాడు. అన్నం సహించేది కాదు. చేతులు ఏం చేయాలో తెలియనట్టు తుండుగుడ్డ అంచు లాగుతూ కూర్చునేవాడు. ఒకసారి దింపమని అడిగాడు కూడా. నేను లేచేలోపే వద్దులే అన్నాడు.

ఇప్పుడు సాయంత్రాలు కింద అరుగు మీద ఓనరమ్మ భర్తతో కూర్చుంటాడు. భివండి గురించి, మగ్గాల చప్పుడుకు చెవులు మొద్దుబారడం గురించి, అక్కడ హుక్కా చుట్టూ చేరే మనుషుల గురించి గొంతెత్తి చెబుతాడు. ఓనరమ్మా, ఆమె భర్తా నవ్వుతూ వింటారు. నేను బడి నుంచి వస్తూ ఆ మాటలు వినబడితే ఇప్పటికీ తల వంచుకుని గబగబా మెట్లెక్కుతాను. పైకొచ్చాక గాని, దాచాల్సినంత తప్పు ఆయన అందులో ఏం చెప్పాడని నన్ను నేను ప్రశ్నించుకోను. జవాబు తెలిసినకొద్దీ ఇంకా సిగ్గేస్తుంది.