మాయదుప్పటి ధర

లీడ్స్‌లో శనివారాలు పాచికలు వేస్తూ మేం ఆడే మాయలోకపు ఆటలో మాయవస్తువులకు ధరలు కట్టేది నేనే. అవి అన్యాయంగా ఉన్నాయని, ఇక ఆటే మానేస్తామని మిత్రులు తేల్చేశారు.

లండన్ రైల్లో ఆ జాబితా దిద్దుకుంటుంటే ఎదుటి సీట్లోని తెలుగు ఆంటీ తొంగిచూసింది.

"కప్పుకుంటే కనపడని దుప్పటి ఐదువేల నాణేలా? ఎవరికి బాబూ?"

"ఎవరికైనా అంతే ఆంటీ."

"దొంగకీ పూజారికీ ఒకటే ధరా? బాగుందయ్యా నీ షాపు!"

తన ఖాళీ ఫ్లాస్కు, గొడుగు, కళ్ళజోడు బల్లమీద పెట్టి, "నీ దుప్పటికి బదులు వీటిలో ఏం తీసుకుంటావ్?" అంది. కళ్ళజోడు చూపించాను. చటుక్కున లాక్కుంది.

"ఇదిస్తే నేను గుడ్డిదాన్ని. ఖాళీ ఫ్లాస్కిస్తే నువ్వు వెర్రివాడివి. గొడుగు తీస్కో. వానలో తడుస్తాను, అయినా ఇస్తాను. ధరంటే అదీ."

ఆ శనివారం నుంచి నాణేలు తీసేశాం. మాయవస్తువు కావాలంటే ఆటలోని తమ పాత్ర సామానులోంచి ఎవరి 'గొడుగు' వాళ్ళు ఇచ్చేవారు. ఆట ఏళ్ళపాటు సాగింది. "ఈ ఉపాయం ఎవరిదిరా?" అని మిత్రులు అడిగితే "నాదే" అన్నాను. ఇప్పటికీ దాన్ని నా పేరుతోనే చెప్పుకుంటారు.

అది నాది కాదు, ఆవిడది. ఆ మెప్పు పోతే నాకు బాధే. అయినా ఇచ్చేస్తున్నాను.