తువ్వాలు కింద చేతులు

పోయిన నెల బెంగళూరులో మా అమ్మాయి నన్ను టీవీ ముందు కూర్చోబెట్టి, చేతికి బటన్ల పెట్టె ఒకటిచ్చి ఆడమంది. తెర మీద ఇద్దరు మనుషులు కొట్టుకుంటున్నారు. అందులో ఒకరు నేనట. రెండోవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో, ఆడో మగో తనకూ తెలియదంది. ఏ బటన్ దేనికని నేను అడిగేలోపే నా మనిషి గాల్లోకి లేచాడు. కింద పడనివ్వకుండా వాడు కొడుతూనే ఉన్నాడు. "ఈ ఆటలో కొత్తవాళ్ళు ఎక్కువ రోజులు నిలవరులే అమ్మా" అని మా అమ్మాయి ఓదార్చింది. ఓడినందుకు నాకేమీ బాధ లేదు, మా వంటింట్లో కుక్కర్ చేతిలో రోజూ ఓడుతూనే ఉంటాను. కానీ రెండో ఆటలో ఆ కనపడని మనిషి కొట్టడం మానేసి ఊరికే నిలబడ్డాడు. ముందుకొక అడుగు వేసి, వెనక్కొక అడుగు వేసి, మళ్ళీ నిలబడ్డాడు. అచ్చం అలాగే అడుగులు వేయించే మనిషిని నేనెరుగుదును. ఆయన మా చిన్నాయన, పోయి ఇరవై ఏళ్ళు దాటింది.

మా నాన్నకు సొంత తమ్ముడాయన. ఎమ్మిగనూరులో మా ఇంట్లో అందరూ మగ్గం పట్టుకుంటే ఆయనొక్కడు ఎద్దుల తోక పట్టుకున్నాడని మా అవ్వ దెప్పేది. పశువుల సంతల్లో బేరగాడు. ఎమ్మిగనూరు జాతరలో, ఆదోని సంతలో, ఆలూరు పక్క పల్లెల్లో ఎద్దుల జత చేతులు మారాలంటే ఆయన ఉండాల్సిందే. ఆ బేరం చూడనివాళ్ళకు చెబుతాను. అమ్మేవాడి చేయీ, కొనేవాడి తరఫున బేరగాడి చేయీ ఒకే తువ్వాలు కింద చేరతాయి. నోళ్ళు వానల గురించో, ఎవరింట్లోనో పెళ్ళి గురించో మాట్లాడుతుంటాయి. లోపల వేళ్ళు ధర చెబుతుంటాయి. ఏ వేలు పట్టుకున్నారో, ఎన్ని వేళ్ళు నొక్కారో ఆ ఇద్దరికి తప్ప చుట్టూ నిలబడ్డ ఊరికి తెలియదు. ట్రాక్టర్లు వచ్చాక ఎద్దులు తగ్గాయి, చిన్నాయన వేళ్ళకు పని లేకుండా పోయింది. అన్నం ముందు కూర్చుని కూడా ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ చాస్తూ ఉండేవాడు. చూసేవాళ్ళకు అదోలా ఉండేది.

ఆ రోజుల్లోనే మా అన్న ఆదోనిలో ఒక సందులో వీడియో గేముల అంగడి పెట్టాడు. నన్నూ ఆదోనికే ఇచ్చి పెళ్ళి చేశారు కాబట్టి, అన్న మధ్యాహ్నం భోజనానికి పోయినప్పుడు అంగట్లో నేను కూర్చునేదాన్ని. పొడుగాటి గది. పగలు కూడా వెలుతురు ఉండేది కాదు, మిషన్ల తెరలే దీపాలు. పత్తి మిల్లుల నుంచి దూది పింజలు గాలికి కొట్టుకొచ్చి ఆ తెరలకు అంటుకునేవి. కార్ల ఆట, విమానాల ఆట ముందువైపు ఉండేవి. గది చివర గోడ దగ్గర కొట్లాట మిషన్. ఇద్దరు పక్కపక్కన నిలబడి ఆడాలి, ఓడినవాడు తప్పుకోవాలి, గెలిచినవాడు అక్కడే ఉంటాడు. ఎవరూ లేనప్పుడు అందులోని బొమ్మలు వాటంతటవే కొట్టుకుంటూ ఉంటాయి. మిషన్ అలా తయారైందని అన్న చెప్పినా, ఖాళీ గదిలో వెనక నుంచి ఆ దెబ్బల చప్పుడు వినబడుతుంటే నేను కుర్చీ గుమ్మం దగ్గరికి జరుపుకునేదాన్ని.

చిన్నాయన చూసిపోదామని ఎమ్మిగనూరు బస్సెక్కి వచ్చినాడు, ఆ మిషన్ ముందు నిలబడ్డాడు, ఇక కదల్లేదు. మొదట్లో అందరిచేతా తన్నులు తిన్నాడు. కొన్నాళ్ళకు ఆయన్ని కొట్టేవాడు ఆదోనిలో లేకుండా పోయాడు. ఆడేటప్పుడు భుజం మీది ఎర్రంచు తువ్వాలు తీసి తన రెండు చేతులూ బటన్లూ కనపడకుండా కప్పుకునేవాడు. సంత అలవాటు. ఆ తువ్వాలు లోపల ఎలుకలు దూరినట్టు గుడ్డంతా కదులుతుండేది. ముఖంలో మాత్రం ఏమీ ఉండేది కాదు. కొట్టేముందు తన బొమ్మ చేత ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేయించి నిలబెట్టేవాడు. మాధవరం పక్క వాన పడిందా, వేరుశనగ ఎట్లుంది అని పక్కవాణ్ణి మెల్లగా అడుగుతూనే వాడి మనిషిని తెర మీద చంపేసేవాడు.

కార్ల ఆటలో గుద్దుకుంటే రోడ్డును తిట్టుకోవచ్చు. క్యారమ్స్‌లో ఓడితే బల్ల బాగాలేదనవచ్చు. కొట్లాట ఆటలో అలాంటి సాకులు దొరకవు. భుజానికి భుజం తగిలేంత దగ్గర నిలబడ్డవాడు నిన్ను కొట్టాడు, ఎట్లా కొట్టాడో నీకు తెలియదు, వెనక నిలబడ్డవాళ్ళు నవ్వుతున్నారు. నేర్చుకోవాలంటే ఇంకా దెబ్బలు తినాలి, తిన్నా ఏం నేర్చుకున్నావో తెలియదు. దానికి తోడు మా చిన్నాయన తువ్వాలు. ఒకసారి పత్తి మిల్లులో పనిచేసే ఒకతను ఆట మధ్యలోనే వెనక్కి తగ్గి, మా అన్న దగ్గరికొచ్చి గొంతు తగ్గించి "ఆ గుడ్డ కింద ఉండేటివి రెండు సేతులు కాదన్నా, ఇంగా ఉండాయి" అన్నాడు. మళ్ళీ రాలేదు. ఒక్కొక్కరే కార్ల వైపు జరిగిపోయారు. ఒక్క దెబ్బన్నా వాళ్ళకు చూపించమని అన్న బతిమాలాడు. "సేతి ఏళ్ళు సూపిచ్చినాక ఇంగ బేరమేముంటాదప్పా" అన్నాడు చిన్నాయన. అది మొండితనమని అప్పుడు అందరం అనుకున్నాం. ఆ మనిషికి ఇంకో రకంగా ఆడటం తెలియదని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

చివరికి ఆయనతో ఆడే మనిషి లేకుండా పోయాడు. పొద్దున్నే వచ్చి కుడివైపు నిలబడి, చేతుల మీద తువ్వాలు కప్పుకుని, ఎడమవైపు ఖాళీని చూసేవాడు. అడుగుల చప్పుడైతే తల తిప్పేవాడు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, నువ్వన్నా ఒకసారి నిలబడమన్నాడు. నిలబడ్డాను. ఊపిరి తీసుకునేలోపు ఓడిపోయాను. కోపమొచ్చి, ఎట్లా కొట్టినావో చెబితేనే ఆడతానన్నాను. ఆయన తువ్వాలు అంచు కొంచెం ఎత్తి పట్టుకుని, "నోటితో సెప్పేది రాదు పాపా. సెయ్యి లోపల పెట్టు, తెలుస్తాది" అన్నాడు. లోపల చీకటి. అందులో ఆయన చేతులు కనబడలేదు. నాకు భయమేసింది. ఇంట్లో పని ఉందని చెప్పి గుమ్మం దగ్గరికి వచ్చేశాను.

ఆ వారమే ఎమ్మిగనూరులో నిద్రలోనే పోయాడు. కుడిచేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, ఎవరి వేళ్ళనో పట్టుకున్నట్టు. నీళ్ళు పోసేటప్పుడు ఎంత ప్రయత్నించినా విప్పలేకపోయారు.

తువ్వాలు అంగట్లోనే ఉండిపోయింది, మిషన్ కుడివైపు బటన్ల మీద. దాన్ని తీయడానికి ఎవరికీ చేయి రాలేదు. ఆ మిషన్ దగ్గరికి ఎవరూ పోవడం లేదని అన్న దాన్ని అమ్మేయడానికి సిద్ధమయ్యాడు. తీసుకుపోయే ట్రాలీ ఆటోకు దారి చూపించడానికి అన్న సందు చివరికి పోయినాడు. మధ్యాహ్నం, అంగట్లో నేనొక్కదాన్నే. ఎప్పటిలాగే బొమ్మలు కొట్టుకుంటున్నాయి. ఎందుకో పోయి మిషన్‌లో ఆట బిళ్ళ వేసి ఎడమవైపు నిలబడ్డాను. కుడివైపు బొమ్మ నన్ను కొట్టలేదు. ముందుకొక అడుగు వేసి, వెనక్కొక అడుగు వేసి నిలబడింది. తువ్వాలు కదులుతోంది. ఫ్యాన్ గాలి అనుకుందామంటే ఆ మూలకు గాలి రాదు. నేను పారిపోవాల్సింది. కానీ ఎదురుచూస్తూ చచ్చిపోయిన మనిషి మీద పొంగుకొచ్చిన జాలి భయాన్ని మించిపోయింది. కుడిచేయి చాచి ఆ గుడ్డ కింద పెట్టాను.

వేళ్ళు నా వేళ్ళను పట్టుకున్నాయి. ఎండిన తోలులా గరుకుగా, చల్లగా. బొటనవేలు నా అరచేతిలో కింది నుంచి ముందుకు వంపుగా ఒక గీత గీసింది. తర్వాత నా చూపుడువేలు నొక్కింది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అదే గీత, అదే వేలు, తొందర లేకుండా, పశువుకు నీళ్ళు చూపించినంత ఓపికగా. నా చేయి వెనక్కి తీసుకుని, నా వైపు బొమ్మను నడిపే స్టిక్ అలాగే వంపుగా తిప్పి మొదటి బటన్ నొక్కాను. నా బొమ్మ చేతుల్లోంచి మంట లేచిపోయి ఎదుటి బొమ్మను కొట్టింది. అది పడి లేచి, మళ్ళీ ముందుకొక అడుగు, వెనక్కొక అడుగు వేసింది. మళ్ళీ చేయి లోపల పెట్టాను. నాకు ఏడుపొచ్చేసింది.

అన్న మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి నా చేయి ఇంకా తువ్వాలు కిందే ఉంది. ఆ గుడ్డ తీసేయమన్నాడు. "గుడ్డతోనే పంపన్నా. చిన్నాయన ఇంగా ఆడతాండాడు" అన్నాను. అన్న నా ముఖం వైపు చూశాడు, తెర వైపు చూశాడు, పోయి ప్లగ్గు లాగేశాడు. తెర ఆరిపోయింది. వేళ్ళు మాత్రం ఇంకొంచెం ఆగి వదిలాయి.

తువ్వాలుతో సహా ఆ మిషన్ ఏ ఊరు చేరిందో మేము కనుక్కోలేదు. బెంగళూరులో తెర మీద ఆ అడుగులు వేసినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా తెలియదు. చిన్నాయన చేయి చాచినప్పుడు నాకు ధైర్యం లేదు, నాకు ధైర్యం వచ్చేసరికి ఆయన లేడు. మనుషులు ఒకే చోట నిలబడి ఉన్నా ఒకే కాలంలో నిలబడటం ఎంత అరుదో ఈ వయసులో తెలుస్తోంది.