చెవులక్క పసుపు చుక్క

నీళ్ళ మోటార్లు తయారయ్యే మా వర్క్‌షాపులో ఆఖరి గది చెవులక్కది. నేను కాయిల్స్ చుట్టే గదికీ దానికీ మధ్య ఒక తలుపే అడ్డం. బిగింపు పూర్తయిన ప్రతి మోటారూ ఆమె బల్ల మీదికి రావాల్సిందే. స్విచ్ వేసి, జానెడున్నర చెక్కపుల్ల సన్నటి కొనను మోటారుకు ఆనించి, లావుపాటి కొనను చెవికి ఆనించి, కళ్ళు మూసుకునేది. బాగుంటే పసుపు రంగు చుక్క పెట్టేది. ఒకసారి "దీని బేరింగులో ఒక బాల్ చిట్లింది" అంటే సూపర్వైజరు నవ్వాడు. విప్పి చూస్తే సరిగ్గా ఒకటే చిట్లి ఉంది. నవ్వు మింగేసుకుని వెళ్ళిపోయాడు. చెవులక్క అన్న పేరు అప్పటిదే. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా లేదు.

ఆ కుర్చీలో ఇరవై ఏళ్ళు కూర్చుంది. పెళ్ళి మాటెత్తితే "ముందు చెల్లెల్ని ఒక దారిలో పడనీ" అనేది. తల్లి పోయాక ఆ పిల్లని చంకనేసుకుని పెంచింది తనే. చదువు అబ్బలేదని తెచ్చి పక్కన కూర్చోబెట్టుకుని మూడేళ్ళు పని నేర్పింది. ఏ మోటారు సాఫీగా తిరుగుతోందో, ఏది గరగరమంటోందో ఎవరైనా చెబుతారు. ఇంకో నెలకి గరగరమనబోయేది ఏదో ఇవాళే పట్టుకోవడం అసలు విద్య. అది కూడా దాచుకోకుండా నేర్పింది. చెల్లెలికి సొంత గుర్తుగా నీలం చుక్క ఇప్పించింది. పొద్దున అక్క, మధ్యాహ్నం చెల్లెలు, ఇద్దరికీ పుల్ల ఒకటే.

ఆ పుల్లతో చెవులక్క ఇంకో పని కూడా చేసేది. చూస్తే నాకు ఒళ్ళు జలదరించేది. చెవి దురద పెడితే, గ్రీజు అంటిన ఆ సన్నటి కొననే చెవిలో పెట్టి మెల్లగా తిప్పేది. "స్వర్గం ఎక్కడో లేదే" అనేది. గోకేకొద్దీ దురద, దురద పెట్టేకొద్దీ గోకుడు. పుల్ల చేతిలో లేకపోతే తలపిన్ను.

ఆ ఏడాది కుడి చెవి తిరగబడింది. దురద పోయి పోటు మొదలైంది. తమ్మె ముట్టుకుంటే నొప్పి, నమిలితే నొప్పి. పొద్దున లేచేసరికి దిండు మీద చెమ్మ మరక. పైగా లోపల దూది కుక్కినట్టు మూసుకుపోయింది. సంగతి బయటపడితే ప్యాకింగులోకి తోసేస్తారని ఆమె భయం. అందుకే నాక్కూడా చెప్పలేదు, చెల్లెలికి మాత్రమే చెప్పింది.

"డాక్టరు దగ్గరికి వెళ్ళకక్కా," అందట చెల్లెలు. "చీటీ రాస్తారు. ఆ చీటీ ఆఫీసుకి చేరిందంటే నీ కుర్చీ పోయినట్టే. వేడి నూనె వేసుకో, అదే పోతుంది. అనుమానం ఉన్నవి పక్కన పెట్టు. నేను విని, బాగుంటే నీ చుక్కే పెడతాను. ఎవరికీ తెలీదు."

ఆ మాటకి అక్క కళ్ళు చెమర్చాయట. నాకిప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. అక్క ఎడమ చెవితో వింటూ, అనుమానం ఉన్న మోటార్లకి అడుగున చిన్న సుద్దగీత గీసి పక్కన పెట్టేది. పసుపు రంగు డబ్బా చెల్లెలి చేతికిచ్చి ఇంటికెళ్ళి, నూనె వేసుకుని పక్కకి ఒరిగి పడుకునేది. అలా రెండు నెలలు.

తర్వాత మోటార్లు తిరిగి రావడం మొదలైంది. మొత్తం పదకొండు, అన్నిటికీ పసుపు చుక్కే. సూపర్వైజరు చెవులక్కని పిలిచాడు. కోప్పడలేదు, అదే ఘోరం.

"చెవి బాలేదట కదక్కా. మీ చెల్లెలు రెండు నెలల కిందటే చెప్పింది, నేనే నమ్మలేదు. నీ మంచికే చెప్పిందిలే. రేపట్నుంచి ప్యాకింగుకి వెళ్ళు. ఈ పని ఆ పిల్ల చూసుకుంటుంది."

చెవులక్క నా గదిలోకి వచ్చి కాయిల్స్ పెట్టె మీద కూర్చుంది. "రెండు నెలల కిందటే చెప్పిందటే," అంది. అదే మాట నాలుగుసార్లు అంది. ఇంటిగుట్టు లంకకు చేటంటారు. ఇక్కడ ఆ లంక ఒక పాత చెక్క కుర్చీ. దాని కోసం కన్నతల్లి లాంటి మనిషిని ముంచింది ఆ పిల్ల.

మర్నాడు చెయ్యి పట్టుకుని నేనే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆమె దీపం వేసి చూసి, "ఏం పెట్టి గోకుతారు?" అనడిగింది. చెవులక్క తల దించుకుని అన్నీ చెప్పింది.

"గుబిలి మురికి కాదమ్మా, చెవికి కాపలా. దానంతటదే బయటికొస్తుంది. మీరు గోకి గోకి దాన్ని ఊడ్చేశారు. చర్మం గీరుకుపోయింది. నూనె పోసి తడి చేశారు. ఇంక బూజు పట్టకేం చేస్తుంది? అదృష్టం, కర్ణభేరికి చిల్లు పడలేదు."

ఒక చిన్న గొట్టంతో లోపలిదంతా లాగేసి చుక్కల మందు రాసింది. స్నానం చేసేటప్పుడు వాజలీను అద్దిన దూది చెవి బయట అడ్డం పెట్టుకోమంది. నూనె, పుల్ల, పిన్ను, చిటికెనవేలు, ఏదీ లోపలికి వెళ్ళకూడదంది. "చీటీ ఆఫీసుకి పంపిస్తారా?" అనడిగింది చెవులక్క. "నేనెందుకు పంపిస్తాను? అది మీది," అంది డాక్టరమ్మ.

మూడు వారాల్లో చెవి తేటపడింది. మూడు వారాల్లో తగ్గేదానికి ఇరవై ఏళ్ళ కుర్చీ పోయింది.

తిరిగొచ్చిన మోటార్లు ప్యాకింగు గది మూలనే పడి ఉన్నాయి. ఒక మధ్యాహ్నం చెవులక్క నా చేత ఒక్కొక్కటీ బోర్లా తిప్పించింది. పదకొండింటికీ అడుగున సుద్దగీత. అన్నీ అనుమానంతో చెల్లెలికి వదిలినవే. ఒక చెవితో విన్నా ఆమె ఒక్కదాంట్లో కూడా పొరబడలేదు.

"ఆ పిల్లకి వినపడి ఉండదేమో," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"వినపడకపోతే బాగుండేది," అంది చెవులక్క. "వినపడింది. నేర్పింది నేనే."

అప్పుడు ఏడ్చింది. పెద్దగా, పక్కగది వాళ్ళకి వినపడేలా ఏడ్చింది.

సూపర్వైజరుకి గీతలు చూపించాం. చూశాడు. "నీ చుక్క ఇంకొకళ్ళ చేతికి ఎందుకిచ్చావక్కా?" అన్నాడు. అక్క ప్యాకింగులోనే ఉండిపోయింది, చెల్లెలు కుర్చీలోనే ఉండిపోయింది. నేను నెల రోజులు అందరి దగ్గరా చిందులు తొక్కాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నారు. ఉంది, ఏం చెయ్యను?

చలికాలం వచ్చాక ఒకరోజు చెల్లెలు ప్యాకింగు గదికి వచ్చింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అరచేత్తో కుడి చెవి మూసుకుని ఉంది. పుల్లా అదే, గోకుడూ అదే కదా.

"అక్కా, దురద పెడుతోంది. రాత్రి పోటు కూడా వచ్చింది. వేడి నూనె వేసుకోనా?"

చెవులక్క అట్టపెట్టెకి టేపు వేస్తూనే, "నూనె వద్దు. ఏమీ పెట్టకు. డాక్టరు దగ్గరికి వెళ్ళు. చీటీ ఆఫీసుకి వెళ్ళదు," అంది.

అంతే, ఇంకో పెట్టె ముందుకు లాక్కుంది. చెల్లెలు వెళ్ళకుండా, "అక్కా," అంది. చెవులక్క తిరగలేదు. ఆ పిల్ల కుడివైపుకి వచ్చి, కొంచెం గట్టిగా, "అక్కా," అంది. చెవులక్క టేపు చింపి పెట్టెకి అంటించింది.

చెల్లెలు నా వైపు చూసింది. "ఆ చెవి ఇంకా తగ్గలేదా?"

"తగ్గింది," అన్నాను. "బాగా వినపడుతోంది."