ఆరో తరగతికి ఒక ప్రార్థన

ఈ కబురు ముందుగా నా చెవిన వేసింది మా పెద్దమ్మాయి. షోళింగనల్లూరులో వాళ్ళుండే వైపు అపార్ట్‌మెంట్ల తల్లిదండ్రులంతా కలిసి, ఏ ఒక్క మతానికో చెందినది కాకుండా అన్ని మతాల పిల్లలూ పక్కపక్కన కూర్చుని చదువుకునే హైస్కూలు ఒకటి కావాలని అడుగుతున్నారట. తను మామూలుగానే చెప్పింది గానీ, ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నానన్న మాటేగానీ నా మనసు మేము అప్పట్లో కాపురమున్న మాధవరం పాల కాలనీకి వెళ్ళిపోయింది. నా ఈడువాళ్ళయితే అర్థం చేసుకుంటారని రాస్తున్నాను.

అప్పుడు ఈ పెద్దమ్మాయే అయిదో తరగతి ముగిస్తోంది. కాలనీ పక్కనున్న చిన్న బడిలో అయిదు వరకే ఉండేది. హిందువులూ ముస్లింలూ క్రైస్తవులూ, అందరి పిల్లలూ అక్కడే. ఆ పైన చదవాలంటే దగ్గరలో ఉన్నవి రెండే, ఒకటి చర్చివారిది, ఒకటి మఠంవారిది. చర్చివారి బడికి మా అత్తగారు ఒప్పుకోరు, మఠంవారి బడికి పక్కింటి ముస్లిం అక్క ఇంట్లో ఒప్పుకోరు. నేను బడి గడప తొక్కినదాన్ని కాను. మా నాన్నగారు ఇంట్లోనే కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించారు, ఆయన పెట్టిన భిక్ష వల్లే ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానని రోజూ దణ్ణం పెట్టుకుంటాను. కానీ మా అత్తగారు దాన్నే నా మీదకు తిప్పేవారు: "నువ్వు ఇంట్లో చదివి చెడిపోయినావా? దాన్నీ ఈడనే పెట్టుకో." ఇంటి చదువుకు లెక్కల దగ్గరా ఇంగ్లీషు దగ్గరా దారి మూసుకుపోతుందని నాకు తెలిసినంతగా ఆవిడకు తెలియదు.

పక్కింటి అక్క మాత్రం ఊరుకోలేదు. ఆవిడ భర్తది పాల ఫ్యాక్టరీలో పని, కూతురిది మా అమ్మాయి తరగతే. సాయంత్రం కాగానే బుర్ఖా సర్దుకుని, నన్ను చెయ్యి పట్టి లాక్కుపోయి ఇల్లిల్లూ తిరిగేది. "అందరి బిడ్డలూ పోయే బడి ఒకటి అడగతాం, ఆరు నుంచి పదిదాకా. అడిగితే ఏం పోయిందమ్మా, సరియా?" అనేది. ఆ అరవం కలిసిన తెలుగులో ఏం మహిమ ఉందో, ముఖాన తలుపు వేసినవాళ్ళు కూడా మళ్ళీ తీసేవారు. చివరికి మా చిన్న బడి నడిపే పెద్దాయన, అందరం కరస్పాండెంటుగారు అనేవాళ్ళం, ఒక షరతు పెట్టారు. పొద్దుటి ప్రార్థన ఎలా ఉండాలో తల్లిదండ్రులే ఒక మాట మీదకు రావాలి. రాలేకపోతే ఆరో తరగతి సంగతి ఇంక ఎత్తకూడదు.

ఆ ఆదివారం సాయంత్రం బడి రేకుల షెడ్డులో చాపల మీద కూర్చున్నాం. ఇది జరగదని కళ్ళారా చూడ్డానికి మా అత్తగారూ వచ్చారు. 'స్వామీ' అని మొదలుపెడదామని ఒకరు, చర్చిలో పిలిచినట్టు 'కర్తా' అనాలని మరొకరు, ఆ రెండూ తమ పిల్లల నోట రావని ఇంకొకరు. గొంతులు లేచాయి. ఒకాయన చెప్పులు వేసుకోబోయాడు, ఆయన వెనకే మరో ఇద్దరు లేచారు. కరస్పాండెంటుగారు ఇక షెడ్డు మూసేద్దామని తాళంచెవి తీశారు. వెంకటేశ్వరుణ్ణి తలుచుకుంటూ అమ్మాయి వంక చూడలేక తల దించుకున్నాను.

అంతలో గోడకు ఆనించిన పెద్ద నల్లబల్ల జారి, ఆడుకుంటున్న పిల్లల పక్కనే ఫెళ్ళున పడింది. షెడ్డంతా ఒక్కటే అరుపు: "ఆండవా!" చెప్పులు వేసుకుంటున్నాయనా అదే, మెడలో శిలువ ఉన్నావిడా అదే, పక్కింటి అక్కా అదే, మా అత్తగారూ అదే. దేవుడి దయ, ఎవరికీ దెబ్బ తగల్లేదు. భగవంతుణ్ణి పిలిచే ఆ అరవ మాట మా నోళ్ళలోకి ఎప్పుడు చేరిందో, అది ఏ మతంవారిదో ఎవరం ఎన్నడూ అడిగినవాళ్ళం కాదు.

ముందు తేరుకున్నది అక్కే. "విన్నారు గదా? ఇంతసేపూ పేరు కుదర్లేదంటిరే, ఇది ఎవరిదో చెప్పండి చూస్తాం!"

మా అత్తగారు కొంగు విదిలించుకున్నారు. "అదే పెట్టండి పోండి. మీరు దేవునికి పేరు పెట్టేలోపల ఈ బిడ్డలకి పెండ్లీడొస్తుంది!"

ముందు పిల్లలు నవ్వారు, ఆ తరవాత పెద్దవాళ్ళు. లేచినవాళ్ళు కూర్చున్నారు. కరస్పాండెంటుగారు తాళంచెవి జేబులో వేసుకున్నారు.

జూన్‌లో ఆరో తరగతి మొదలైంది, మా అమ్మాయి మొదటి బెంచీలో కూర్చుంది. కానీ ఆ వేసవి సెలవుల్లోనే అక్క భర్తకు మదురైకి బదిలీ అయింది. ఆ బడి కోసం గడపగడపా ఎక్కినావిడ కూతురు అందులో ఒక్కనాడూ కూర్చోలేదు. సామాన్ల లారీ కదిలే ముందు అక్క మా అమ్మాయి తల నిమిరి, "బాగా చదువు కణ్ణూ" అని మటుకు అంది, తన కూతురి వైపు చూడలేదు. తరవాత వాళ్ళ జాడ తెలియలేదు.

ఇప్పటివాళ్ళ వాదనలన్నీ ఫోనులోనేనట, నచ్చని మాట వస్తే వేలితో పైకి తోసేస్తే సరి. మాకు ఆ వీలు లేక, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని ఒకరి కోపం ఒకరం వినవలసి వచ్చింది. ఆనాడు కష్టమనుకున్నాను, అదెంత భాగ్యమో ఇప్పుడు తెలుస్తోంది. వాళ్ళ బడి వాళ్ళకు దొరకాలని కోరుకుంటున్నాను. ఇది చదివినవాళ్ళు మీ పూజలోనో నమాజులోనో ప్రార్థనలోనో, మా పక్కింటి అక్కను ఒక్కసారి తలుచుకోండి.