ఇంకొక్కటి మావయ్య

సాయంత్రం ఆకాశానికి రంగు తిరిగిందంటే చాలు, కుట్టుమిషన్ల మెకానిక్ మావయ్య మనుషుల్లో ఉండేవాడు కాదు. చేతిలో స్క్రూడ్రైవర్ ఉన్నపళంగా వదిలేసి, మెడలో డిజిటల్ కెమెరా తగిలించుకుని, కార్ఖానా కార్ఖానానంతా డాబా మీదికి తోలేవాడు. అస్తమించే సూర్యుణ్ణి ఫొటో తీయడం లోకంలో చాలామందికి సరదా. ఆయనకి మాత్రం అది తెమలని పని. ఎన్ని తీసినా "ఇంకొక్కటి" అనేవాడు. చివరికి ఆ మాటే ఆయనకి పేరై కూర్చుంది.

ఆయన మేనకోడలు అదే కార్ఖానాలో చొక్కాలకి కాలర్లు కుట్టేది. మావయ్య పరువంతా తన నెత్తిన పడ్డట్టు రోజూ సిగ్గుతో చచ్చిపోయేది.

కార్ఖానా మూడో అంతస్తులో. దిక్కులు చూస్తే కుట్టు వంకరపోతుందని ఓనరు కిటికీలన్నిటికీ గోధుమరంగు కాగితం అంటించేశాడు. పనివాళ్లకి మధ్యలో విరామం ఇవ్వాలని చట్టమైతే ఉంది. పాపం, దానికి మూడంతస్తులు ఎక్కే ఓపిక లేకపోయింది. అటువంటి చోట మావయ్య ఓనరుకి ఓ ఆశ పెట్టాడు.

"మన కార్ఖానా పేరుతో క్యాలెండర్ వేయిద్దాం సార్. వెనకాల ఊరంతా రంగులు, ముందు మన స్టాఫు, నట్టనడుమ మీరు!"

ఆ "నట్టనడుమ" దగ్గరే ఓనరు పడిపోయాడు.

అప్పట్నుంచి రోజూ అదే తంతు. "మీకెందుకు సార్ ఈ ఎండ? ఫ్యాను కింద కూర్చోండి, రంగు పండగానే పిలుస్తా" అని ఓనర్ని కిందే ఆపేసి, ఆడవాళ్లందర్నీ పిట్టగోడ పక్కన చేర్చేవాడు. రంగు ఓ పట్టాన పండేది కాదు. ఈలోగా ఒకామె నడుం విరుచుకునేది. ఇంకొకామె ఇంటికి ఫోన్ చేసి పిల్లాడు అన్నం తిన్నాడో లేదో కనుక్కునేది. గుండీలు కుట్టే అక్క నీళ్ల ట్యాంకు నీడన కాళ్లు చాపుకుని ఆయన్ని ఆటపట్టించేది.

"ఇంతసేపు చూసేబదులు ఆ ఫ్లాష్ వేసి తీసెయ్యరాదా అన్నయ్యా?"

"సూర్యుడికి టార్చిలైటు చూపిస్తామా చెల్లెమ్మా!" అని మండిపడేవాడు.

ఆఖర్న ఓనరు వచ్చి, పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగించి నిలబడేవాడు. క్లిక్! మావయ్య కెమెరా తెర చూసి పెదవి విరిచేవాడు. "ప్చ్, మబ్బు అడ్డొచ్చింది." మర్నాడు, "కాకి అడ్డొచ్చింది." ఆ పై రోజు, "మీరు బ్రహ్మాండం సార్. సూర్యుడే కాస్త డల్లుగా పడ్డాడు."

"సూది బెజ్జంలో నలుసు కనిపెడతాడుగానీ, అంత పెద్ద సూర్యుడు మాత్రం కంటికి ఆనడే!" అని వెనకాల నవ్వులు.

"చేతకాకపోతే మానెయ్యొచ్చు కదా మావయ్యా! నా తల తీసేసినట్టుంది" అని మేనకోడలు గింజుకునేది.

"ఇంకొక్కటే అమ్మడూ."

ఓరోజు ఓనరు ఓపిక తెగింది. "ఏమయ్యా, నీ క్యాలెండర్ వచ్చేలోపు ఏడాది వెళ్లిపోయేలా ఉంది! ఇవాళే ఆఖరు. రేపట్నుంచి డాబాకి తాళం. నీ చెయ్యి మంచిది కాదు, నీ మేనకోడల్ని తియ్యమను."

గుండీలు కుట్టే అక్క చాపుకున్న కాళ్లు దగ్గరికి లాక్కుంది. మావయ్య మొహం మాడిపోయింది. కెమెరా ఆమె చేతికిస్తూ, "పాతవి చూడకే" అన్నాడు నెమ్మదిగా.

చూడొద్దన్నాక చూడకుండా ఉండేదెవరు? అందరూ వరసలో సర్దుకునేలోగా ఆమె బటన్ నొక్కుకుంటూ వెనక్కి, ఇంకా వెనక్కి వెళ్లి, మొట్టమొదటి ఫొటో దగ్గర ఆగిపోయింది.

ఆకాశం సగం నారింజ, సగం వంకాయరంగు. దూరంగా మేడల అద్దాలన్నీ నిప్పంటుకున్నట్టున్నాయి. ఏటవాలు వెలుగు అందరి బుగ్గల మీదా పడింది. ఒక్కరూ కళ్లు మూయలేదు. ఓనరు పొట్ట కూడా లోపలే ఉంది. మబ్బూ లేదు, కాకీ లేదు. క్యాలెండర్ ఫొటో మొదటిరోజే, మొదటి నొక్కుకే వచ్చేసింది!

ఆమె తలెత్తింది. గుండీలక్క ఇక మళ్లీ చూస్తామో లేదో అన్నట్టు ఊరికేసి చూస్తోంది. వరస చివర మావయ్య దొరికిపోయిన దొంగలా నేల చూపులు చూస్తున్నాడు.

"కానీ అమ్మాయ్! ఎంతసేపని ఊపిరి బిగపట్టను?" పళ్లమధ్య నుంచి అన్నాడు ఓనరు.

"ఒక్క క్షణం సార్" అంటూ మెరుపు గుర్తున్న బటన్ వెతికి నొక్కింది. రెండడుగులు ముందుకేసి, సరిగ్గా ఓనరు ముక్కుకి గురిపెట్టింది.

భగ్గుమంది ఫ్లాష్!

"వీళ్లంతా బాగున్నారు సార్. మీరే కొంచెం..." అని నసుగుతూ తెర చూపించింది. ఓనరు కళ్లు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి, తుమ్మబోతున్నవాడిలా నట్టనడుమ ఉన్నాడు.

ఆయన దాన్ని అలా చూసీ చూసీ, "ఇది గోడకి తగిలిస్తే ముందు మా ఆవిడే నవ్వుతుంది" అని గొణిగాడు. "తాళం సంగతి తర్వాత చూద్దాం. రేపు నీలం చొక్కా వేసుకొస్తా."

మెట్లు దిగుతూ మావయ్య గుసగుసలాడాడు. "సూర్యుడికి టార్చిలైటు చూపించావేంటే?"

"సూర్యుడికి కాదుగా!" అంటూ ఆమె కెమెరా తిరిగి ఆయన మెడలో వేసింది. "అది సరేగానీ మావయ్యా, రేపు మబ్బు వంతా, కాకి వంతా?"